ముందు గోపయ్య, తర్వాతే గుర్రం

గోపయ్యకు ఒకటే జబ్బు. లోకంలో ఏ పనైనా ముందు తానే చెయ్యాలి. కొత్త కుర్చీ కొంటే ముందు తానే కూర్చోవాలి. కొత్త బోరు వేస్తే మొదటి దోసిలి తానే తాగాలి. ఏ ఇంట్లో పెళ్లయినా మొదటి ముద్ద ఆయనదే. ఇల్లందు బస్టాండులో కొత్త బెంచీ వేయిస్తే, దాన్ని వేయించిన కౌన్సిలర్ కంటే ముందు కూర్చుని, అటూ ఇటూ ఊగి, లేచి, మళ్ళీ కూర్చుని, "సాఫ్ ఉన్నది. ఇగ కూసో సారూ," అని ఆ కౌన్సిలర్‌కే అనుమతి ఇచ్చిన మహానుభావుడు.

ఈ జబ్బు బొగ్గుబాయిలో అంటుకుంది. అక్కడ ఆయన సర్దార్. షిఫ్టు మొదలయ్యే ముందు సర్దార్ ఒక్కడే లోపలికి పోవాలి. పైకప్పును కర్రతో కొట్టి మోత వినాలి. గాలి చూడాలి. బయటికొచ్చి "సాఫ్" అంటేనే మిగతావాళ్ళు పనిలోకి దిగుతారు. ఆయన అనకపోతే మేనేజర్ వచ్చి మొత్తుకున్నా ఒక్కడూ కదలడు. అందరూ రిటైరయ్యాక ఇంటికొచ్చి టీవీ ముందు కూర్చుంటారు. గోపయ్య మాత్రం కర్ర పట్టుకుని పెళ్ళాం సమ్మక్క వంటింటి స్లాబును పొద్దున్నే కొట్టడం మొదలుపెట్టాడు.

"ఇల్లు కూలితే నీ కర్రదెబ్బలకే కూలాలె!" అని సమ్మక్క అరిచేది.

"కూలితే ముందు నామీద్నే కూలుతది. నువ్వు బయట నిలబడు," అనేవాడు ఈయన.

ఖాలిద్‌ది పక్కిల్లు. వాళ్ళ తాత ఇల్లందులో టాంగా తోలేవాడు. టాంగాలు పోయి ఆటోలు వచ్చినా ఆ ఇంట్లో గుర్రం మాత్రం పోలేదు. పెళ్లి ఊరేగింపులకు కిరాయికి ఇస్తూ ఖాలిద్ దాని మీదే సంసారం నడుపుతున్నాడు. గోపయ్యను చిన్నప్పటి నుంచి కాకా అని పిలుస్తాడు. పిలుస్తాడు కానీ, ఆ కాకాను తలుచుకుంటే వాడికి ఒళ్ళు మండుతుంది. కారణం లేకపోలేదు. ఖాలిద్ పెళ్లిరోజున, పెళ్లికొడుకు ఎక్కాల్సిన గుర్రాన్ని ముందు గోపయ్య ఎక్కాడు. గుర్రంతో ఆగితే బాగుండేది. ముఖం మీదికి వేలాడే పూల సెహ్రా కళ్ళల్లో గుచ్చుకుంటుందేమో చూడాలని అది కూడా కట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడే ఎదుటి విడిదింట్లో ఉన్న పెళ్లికూతురు జెబా కిటికీ పరదా తప్పించి కాబోయే మొగుడిని తొంగి చూసింది. సెహ్రా పూల సందుల్లో గుబురు మీసాలతో, పైన బట్టతలతో ఒక ముసలాయన గుర్రం మీద కూర్చుని అటూ ఇటూ ఊగుతున్నాడు. ఆ పిల్ల పెట్టిన ఏడుపుకు పెళ్లి ఆగిపోయేదే.

విందుల సంగతి చెప్పనక్కర్లేదు. బిర్యానీ దేగిశా మూత తియ్యగానే చెయ్యి ముందుకు వచ్చేది. తిని, నోరు చప్పరించి, కాసేపు కళ్ళు మూసుకుని, "సాఫ్," అనేవాడు. ఊళ్ళో కుర్రాళ్ళు "గోపయ్య తిని బతికిండు, ఇగ మనం తినొచ్చు" అని నవ్వుకుంటూ కూర్చునేవారు. తిండిపోతు అన్నవాళ్ళున్నారు. పెద్దరికం పిచ్చి అన్నవాళ్ళున్నారు. ఖాలిద్ ఈ రెండూ కలిపి అనేవాడు.

అలాంటి మనిషి రోజూ వచ్చి గుర్రపుశాలలో తిష్ఠ వేస్తే ఎలా ఉంటుంది? ఖాలిద్ తెల్ల గుర్రం పేరు తూఫాన్. పేరు పెట్టినవాడికి హాస్యం ఎక్కువై ఉండాలి. ఊరేగింపులో బ్యాండువాళ్ళు ఆగితే ఆగుతుంది, బ్యాండువాళ్ళు కదిలినా ఆలోచించి కదులుతుంది. పరుగు అన్నది దాని జాతకంలోనే లేదు. గోపయ్య దానికి పెట్టే శనగలు ముందు తాను నమిలేవాడు. తొట్టి నీళ్ళు తాను తాగేవాడు. కొత్త కళ్ళెం కొనుక్కొస్తే దాన్ని నోట్లో పెట్టుకుని, "ఇనుము కోస్తున్నదిరా, అరగదియ్యి," అని ఖాలిద్ మీద విసిరేశాడు. గిట్టలకు నాడాలు కొట్టేవాడు ఒకసారి ఉడుక్కుని, "ముందు నీ కాలుకు కొట్టాల్నా ఏంది?" అంటే, ఈయన నిజంగానే చెప్పు విప్పి కాలు చాపాడు. పాపం, ఆ మనిషి మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

ఇలా ఉండగా సినిమావాళ్ళు వచ్చారు.

ప్రొడక్షన్ మేనేజర్ ప్రేమ్‌సాగర్ నల్ల కళ్ళద్దాలతో కారు దిగాడు. భద్రాచలం అవతల, అడవి అంచున గోదావరి ఇసుకలో రాజుల కాలం యుద్ధం తీస్తున్నారట. తెల్ల గుర్రం కావాలట. "ఊరికే నడిస్తే చాలు భాయ్. మీ గుర్రం నచ్చితే తర్వాతి సినిమాకు కూడా మిమ్మల్నే పిలుస్తాం," అన్నాడు. ఖాలిద్‌కు ఆశ పుట్టింది. ఈమధ్య పెళ్లికొడుకులు గుర్రం మానేసి పూలు కట్టిన కార్లెక్కుతున్నారు. సినిమా పని దొరికితే గుర్రం నిలుస్తుంది, ఇల్లూ నిలుస్తుంది. తూఫాన్‌ను లారీ ఎక్కించాడు. వద్దన్నా వినకుండా గోపయ్య అంతకుముందే ఎక్కి కూర్చున్నాడు.

అక్కడ దిగగానే ఖాలిద్‌కు మనసు ఒక మాదిరిగా అయిపోయింది. ఎండాకాలం, ఇసుక కాలుతోంది. రెండు బర్రెలను పొద్దుటి నుంచి ఎండలో గుంజకు కట్టేసి ఉంచారు. నిన్నటి షాట్‌లో అవి అక్కడే ఉన్నాయి కాబట్టి ఇవాళా అక్కడే ఉండాలట. నురుగు కక్కుతున్నా కదపకూడదట. హీరోగారి పెంపుడు కుక్క మాత్రం ఏసీ వ్యానులో పరుపు మీద పడుకుంది. దాని అదృష్టం దానిది, దాన్ని అనేదేం లేదు. ఆ కుక్కను ముద్దు పెట్టుకునే చేతులే ఈ బర్రెలను ఎండకు కట్టాయి. సినిమాలో మాత్రం హీరో ఆవుదూడను ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తాడు, చూసేవాళ్ళూ ఏడుస్తారు.

గోపయ్య తలపాగా తీసి, చొక్కా విప్పి, పొట్టిచేతుల బనియన్‌తో బర్రెల గుంజ పక్కకు పోయి ఎండలో నిలబడ్డాడు. యూనిట్ వాళ్ళు నవ్వుతూ ఫోన్లలో ఫొటోలు తీసుకున్నారు. ప్రేమ్‌సాగర్ పరుగెత్తుకొచ్చాడు.

"ఏం చేస్తున్నారు పెద్దాయనా?"

"బర్రెకు ఎంత ఎండ తగుల్తున్నదో చూస్తున్న."

"వడదెబ్బ తగులుతుంది, నీడకు రండి!"

"నాకు తగుల్తదని ఎర్కేనా? మరి గీటికి తగలదా? నాకు కండ్లు తిరుగుతున్నయ్. గవి చెప్పలేవు, నేను చెప్తున్న. నీడకు కట్టు."

ముసలాయన పడిపోతే తలనొప్పి అని బర్రెలను చింతచెట్టు కిందికి మార్చారు. ఖాలిద్ తల దించుకున్నాడు. 'ఈయనను వెంట తేవడమే తప్పయింది, ఉన్న బేరం కాస్తా పోయేలా ఉంది' అనుకున్నాడు.

తర్వాత తూఫాన్ వంతు వచ్చింది. ఫైటర్ ఒకడు వచ్చి గుర్రం ముందు కాళ్ళకు తోలు పట్టీలు బిగించాడు. పట్టీలకు సన్నటి ఇనుప తీగ ఉంది. తీగ రెండో కొసను ఇసుకలో పాతిన మేకుకు కట్టి, సమయానికి లాగి బిగించడానికి ఫైటర్ మధ్యలో పట్టుకున్నాడు. ఖాలిద్ ఆ తీగను మేకు దాకా చూసి ప్రేమ్‌సాగర్ వైపు తిరిగాడు.

"ఊరికే నడవాలన్నరు గద సార్?"

"సీను మారింది భాయ్," అన్నాడు ప్రేమ్‌సాగర్. "వెనకాల టపాకాయ పేలుస్తాం, ఇది పరుగెడుతుంది. ఇక్కడికి రాగానే తీగ బిగుస్తుంది, పడుతుంది. ఇసుక తవ్వి మెత్తగా చేశాంలే."

"కాలు విరిగితే?"

"కంపెనీ చూసుకుంటుంది."

కాలు విరిగిన గుర్రాన్ని ఎవరు ఎలా చూసుకుంటారో ఖాలిద్‌కు తెలియనిది కాదు. ఒక సూది వేసి, పైన టార్పాలిన్ కప్పుతారు. ఆ మాట అనడానికి కూడా వీళ్ళకు ధైర్యం ఉండదు, చూసుకుంటాం అంటారు. దున్నపోతులను నీళ్ళల్లోకి తోసినప్పుడు చూసుకున్నారు, పావురాలను రెక్కలు కట్టి ఎగరేసినప్పుడు చూసుకున్నారు. ఎవడైనా సిగ్గుపడ్డాడా?

"పశువుల డాక్టర్ ఏడి?" గోపయ్య అడిగాడు.

"దారిలో ఉన్నారు," అన్నాడు ఒక అసిస్టెంట్. "మీరు కంగారు పడకండి తాతా. ఇదిగో చూడండి, కార్డు కూడా వేస్తున్నాం." వాడి ఫోనులో సినిమా మొదట్లో చూపించే అక్షరాలున్నాయి. 'ఈ చిత్రంలో ఏ జంతువుకూ ఎలాంటి హాని జరగలేదు.'

గోపయ్య కూడబలుక్కుని చదివాడు. ఆయన ముఖం ఎర్రబడింది.

"గుర్రం ఇంక పడనే లేదు గద. హాని జరగలేదని అప్పుడే ఎట్ల రాసిండ్రు?"

"అది ముందే చేయించి పెట్టుకుంటాం తాతా."

"మంచిది. ముందు నేను పడ్త," అని గోపయ్య ఇసుకలో కూర్చున్నాడు. తూఫాన్ కాళ్ళ పట్టీలు విప్పి తన కాళ్ళకు బిగించుకుని లేచాడు. "ఊఁ, లాగుండ్రి."

ఎవరూ లాగలేదు. ఫైటర్ తీగ పట్టుకుని దిక్కులు చూశాడు. "మనిషిని ఎలా పడేస్తాం పెద్దాయనా? కాళ్ళు విరగవూ!"

"ఆఁ! గిప్పుడు చెప్పినవ్!" అన్నాడు గోపయ్య. "నా కాళ్ళు విరుగుతయ్, గుర్రం కాళ్ళు విరగయ్యా?"

గొడుగు కింద కూర్చున్న డైరెక్టర్ జయప్రకాశ్‌కు ఇదంతా చికాకుగా ఉంది. "ఎవరయ్యా ఈయన? పక్కకు తీసుకెళ్ళండి. పొద్దు పోతోంది. గుర్రానికి పట్టీలు కట్టండి. రెడీ... యాక్షన్!"

ఒక్క సైనికుడూ కదల్లేదు.

ఆ సైనికులందరినీ బొగ్గుబాయి కాలనీల నుంచి తెచ్చారు. రిటైరైనవాళ్ళు, వాళ్ళ కొడుకులు, అల్లుళ్ళు. అట్ట కవచాలు తొడుక్కుని, కర్ర బల్లేలు పట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు. డైరెక్టర్ మళ్ళీ అరిచాడు. వాళ్ళు బల్లేలు కింద పెట్టి ఇసుకలో కూర్చున్నారు. అందరికంటే ముందున్న బొజ్జయ్య, ఒకప్పుడు గోపయ్య షిఫ్టులోనే పనిచేసినవాడు, అట్ట శిరస్త్రాణం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"సర్దార్ సాఫ్ అనలే సార్."

"ఏ సర్దార్? ఈ కథలో సర్దార్ పాత్రే లేదు!"

"కథల లేడు సార్. గాడ ఉన్నడు. ఆయన చూసి చెప్పనిది మేం దిగం."

ఇలాంటి తిరుగుబాటు జయప్రకాశ్ ఎక్కడా చూసి ఉండడు. ప్రేమ్‌సాగర్ మాత్రం గోపయ్య పెద్ద యూనియన్ లీడరై ఉంటాడని నమ్మేశాడు. పక్కకు తీసుకుపోయి చల్లటి మజ్జిగ ఇచ్చాడు. కుర్చీ వేశాడు. గోపయ్య కుర్చీని ఊపి చూసి కూర్చున్నాడు.

"మీకు మంచి పర్సనాలిటీ ఉంది సర్దార్ గారూ. రాజగురువు వేషం ఇస్తాం."

గోపయ్య మీసం సవరించుకున్నాడు. ఆశ పడ్డాడు, అబద్ధం ఎందుకు. "గడ్డం ఉంటదా?"

"బొడ్డు దాకా ఉంటుంది."

"డైలాగు?"

"రెండు పేజీలు!"

"గుర్రం?"

"గుర్రం పడాల్సిందే."

"అయితే నీ గడ్డం నువ్వే పెట్టుకో," అని మజ్జిగ గ్లాసు ఇసుకలో బోర్లించి వచ్చేశాడు గోపయ్య. వచ్చి మళ్ళీ పట్టీలు కాళ్ళకు బిగించుకున్నాడు. జయప్రకాశ్‌కు కోపం నషాళానికి ఎక్కింది.

"పడతానంటున్నాడుగా, పడనివ్వండి! నేనూ చూస్తాను! లాగండి!"

"టపాకాయ గూడ కాల్చాలె," అన్నాడు గోపయ్య. "గుర్రానికి ఎట్లనో నాకు గట్లనే."

"కాకా, వద్దు," అని ఖాలిద్ చెయ్యి పట్టుకున్నాడు. గోపయ్య విదిలించుకున్నాడు. ధోవతి ఎగ్గట్టాడు. వెనకాల టపాకాయ ఢామ్మని పేలింది. ముసలాయన పరుగు తీశాడు. తూఫాన్ చెవులు నిక్కించి చూసింది. తీగ బిగిసింది. రెండు కాళ్ళూ ఒక్కసారి వెనక్కి పోయాయి, మనిషి గాల్లోకి లేచి ఇసుకలో బోర్లా పడ్డాడు.

అంతే, యూనిట్ మొత్తం అటు ఉరికింది. గొడుగులు వచ్చాయి. నీళ్ళ సీసాలు, ఐసుముక్కలు, పౌడర్ డబ్బాతో మేకప్‌మ్యాన్, అందరూ వచ్చారు. ఏసీ వ్యాను తలుపు తెరుచుకుంది. "కదలకండి! ఎవరూ ఎత్తకండి! అంబులెన్స్ పిలవండి!" అని జయప్రకాశ్ గొంతు చించుకుంటున్నాడు. అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

గోపయ్య మెల్లగా తలెత్తాడు. నోట్లోని ఇసుక ఉమ్మాడు. పెదవి చీలి నెత్తురు కారుతోంది.

"సాఫ్ లేదు," అన్నాడు.

గుమిగూడిన వాళ్ళందరినీ ఒకసారి కలయజూశాడు.

"నేను పడంగనే గిన్ని గొడుగులు ఏడికెంచి వచ్చినయ్ సారూ? గుర్రం పడితే గిట్లనే ఉరికొస్తుంటిరా? అది లేవకముందే ఇంకో పాలి తీద్దాం అంటుంటిరి. నాకు డాక్టర్ కావాలె, దానికి కార్డు సాలు! ఏం మనుషులయ్యా మీరు? రాజుల యుద్ధం తీస్తున్నరంట, ఒక్క గుర్రాన్ని నిలబెట్ట చేతగాదు!"

ఖాలిద్‌కు పొద్దుటి నుంచి దిగమింగుతున్న కోపం అంతా ఒక్కసారి పైకొచ్చింది. సగం వాళ్ళ మీద, సగం తన మీద. ఈ గుర్రం తనది. దాని శనగలు, దాని నీళ్ళు, దాని కాళ్ళు అన్నీ తనవే. పక్కింటి ముసలాయన దాని బదులు బోర్లా పడుతుంటే తాను తర్వాతి సినిమా కోసం చూస్తూ నిలబడ్డాడు. గోపయ్య కాళ్ళ పట్టీలు విప్పి తన కాళ్ళకు కట్టుకున్నాడు.

"ఇప్పుడు నేను పడ్త. కాల్చుండ్రి టపాకాయ!"

"ఒరేయ్, నేను చూసిన గద, సాఫ్ లేదని చెప్పిన గద!" అని గోపయ్య అరుస్తున్నా వినకుండా ఖాలిద్ పరుగెత్తాడు. లాగాలా వద్దా అని ఫైటర్ తేల్చుకునేలోపే తన వేగానికే తీగ బిగిసింది. మోకాళ్ళు రెండూ చెక్కుకుపోయి, మోచేతుల మీద పడ్డాడు. లేచి చూస్తే వెనకాల వరస కట్టి ఉంది. బొజ్జయ్య, వాడి వెనక అల్లుడు, వాడి వెనక సైన్యం మొత్తం. కవచాలు విప్పి ఒక పక్క పెట్టి, ధోవతులు, లుంగీలు ఎగ్గడుతున్నారు.

"ఇదేంటి?" అన్నాడు ప్రేమ్‌సాగర్, ఏడుపు గొంతుతో.

"లైను సార్," అన్నాడు బొజ్జయ్య. "సర్దార్ పడ్డడు, యజమాని పడ్డడు. ఇగ మేం వరసగ పడ్తం. అందరం అయినంక అప్పుడు గుర్రం. జల్దీ కానియ్యుండ్రి, పొద్దు పోతదని మీరే అంటిరి."

ఫైటర్ తీగను చుట్ట చుట్టి దూరంగా విసిరేశాడు. జయప్రకాశ్ ఆ వరసను కొస దాకా చూశాడు. ఆ తర్వాత టోపీ తీసి తల గోక్కుని, "గుర్రం నిలబడి ఉన్న షాట్ తీసుకుందాం. పడేది కంప్యూటర్‌లో చేయిద్దాం," అన్నాడు. చూశారా! ఆ దారి పొద్దున కూడా ఉంది. నిన్న కూడా ఉంది. ముసలాయన పెదవి చీలితే తప్ప ఆ కంప్యూటర్ వీళ్ళకు గుర్తు రాలేదు.

తూఫాన్ కెమెరా ముందు కదలకుండా నిలబడింది. నిలబడటం దానికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఒక్క టేకులో ఓకే అయింది. ప్రేమ్‌సాగర్ వెళ్ళేటప్పుడు తర్వాతి సినిమా ఊసెత్తలేదు, ఖాలిద్ అడగనూ లేదు.

తూఫాన్‌ను బొజ్జయ్య అల్లుడికి అప్పగించి, భద్రాచలంలో ఒక చిన్న దవాఖానాకు పోయారు. బొజ్జయ్య ఇంకా సైనికుడి నిక్కరుతోనే తోడు వచ్చాడు. గోపయ్య దెబ్బలు తుడవడానికి నర్సు సరిత ఆయన బనియన్ పైకెత్తి, ఆగిపోయింది. వీపంతా, భుజాలంతా పాత గాయాల మచ్చలే. ఒక భుజం ఎముక అతుక్కున్న చోట వంకరగా ఉంది. ఇన్నేళ్ళు గోడ పక్క గోడ ఉండి ఖాలిద్ అవి ఎన్నడూ చూడలేదు.

"గివేంది కాకా?"

"బాయిల రాళ్ళురా. అప్పుడప్పుడు రాల్తయ్."

"అప్పుడప్పుడు కాదు," అన్నాడు బొజ్జయ్య. "గవన్నీ మామీద పడాల్సినయ్. ముందు పోయేటోని మీద్నే పడ్తయ్ గద! మా షిఫ్టుల ఒక్కని నెత్తి మీద గింత పెళ్ల పడలే. భుజం విరిగిన్నాడు గూడ బయటికొచ్చి, లోపల సాఫ్ లేదు, ఎవలూ దిగొద్దని చెప్పి, గప్పుడు పడిపోయిండు."

ఖాలిద్‌కు కుర్చీలు, బెంచీలు, బిర్యానీ దేగిశాలు, తన పెళ్లి గుర్రం, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. చెడిపోయిన తిండైతే ఎవరి కడుపు చెడాలని ఆ మొదటి ముద్ద? బెదిరిన గుర్రమైతే ఎవరిని కింద పడెయ్యాలని ఆ స్వారీ? తిండిపోతు అని తాను ఎన్నిసార్లు అన్నాడు!

"కాకా, నువ్వు అందరికంటె ముందు తినేది గిందుకేనా?"

"నోర్ముయ్ బొజ్జిగా, పిల్లగాన్ని ఏడిపిస్తున్నవ్," అని గోపయ్య కసిరాడు. ఖాలిద్ వైపు తిరిగి, "ముందు తింటే మంచి ముక్క దొరుకుతదిరా. గందుకే తింట. నువ్వెక్కువ ఆలోచన చెయ్యకు," అన్నాడు.

ఇంతలో సరిత రెండు సూదులు పట్టుకుని వచ్చింది. ఇద్దరికీ ధనుర్వాతం రాకుండా వెయ్యాలంది. గోపయ్య ఆ సూది వైపు చూశాడు. దాని పొడుగు చూశాడు. మెల్లగా బల్ల మీద వెనక్కి జరిగాడు.

"ముందు పిల్లగానికి వెయ్యమ్మా," అన్నాడు.

బొజ్జయ్య నోరు తెరిచాడు. ఖాలిద్ ఆశ్చర్యంతో ఆయన ముఖం చూసి, చొక్కా చెయ్యి పైకి మడిచాడు. సరిత సూది దింపింది. గోపయ్య ముందుకు వంగి ఖాలిద్ ముఖంలోకి పరీక్షగా చూస్తున్నాడు.

"నొచ్చిందారా?"

భుజం నుంచి వేలి కొస దాకా భగ్గుమంటోంది. ఖాలిద్ పళ్ళు బిగించి నవ్వాడు.

"లేదు కాకా. అసలు తెల్వనే లేదు," అన్నాడు.